ఐపీ పెట్టాలంటే ముందు ఏం రెడీ చేస్కోవాలి: అప్పుల చిట్టా నుంచి డిశ్చార్జ్ దాకా వరసగా

నేను ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే, "ఐపీ పెట్టాలంటే ఏం కావాలన్నా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. ఇది లాయరు సలహాకి బదులు కాదు, లాయరు దగ్గరికి వెళ్ళేలోపు మీరు ఇంట్లో కూర్చుని చేస్కోవాల్సిన పని. నిజం చెప్పాలంటే కేసులో ముప్పాతిక వంతు పని ఇదే.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి అని కోర్టుని అడగడం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేస్తారు. 2016లో దివాలా కోడ్ వచ్చింది కదా అంటారు, వచ్చింది గానీ అందులో మామూలు మనుషుల భాగం ఇంకా అమల్లోకి తేలేదు, కంపెనీ అప్పుకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్ళకి మాత్రం 2019 డిసెంబర్ 1 నుంచి తెచ్చారు. కాబట్టి మీరు కంపెనీ లోనుకి గ్యారంటీ సంతకం పెట్టినవాళ్ళైతే ఆ అప్పు సంగతి ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీ వ్యవహారాల ట్రిబ్యునల్‌లో తేలాలి, అలాంటివాళ్ళు ఆ పని చూసే లాయర్ని పట్టుకోండి. మద్రాసులో ఉండే మనవాళ్ళకి కూడా చట్టం వేరు, అక్కడ 1909 చట్టం, వేసేది హైకోర్టులో. మిగతావాళ్ళు కిందది చదవండి.

1. అసలు ఐపీ మీకు పనికొస్తుందా

అప్పు కనీసం ఎంతుండాలంటే 500 రూపాయలు. నవ్వకండి, 1920లో రాసిన అంకె, అలాగే ఉంది. 500 లేకపోయినా డబ్బు డిక్రీ, అంటే డబ్బు కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు మీద మిమ్మల్ని అరెస్టు చేసుంటే, లేదా మీ ఆస్తి మీద అటాచ్‌మెంట్, అంటే జప్తు ఉంటే వేయొచ్చు. ఇవన్నీ ఎలా ఉన్నా అసలు సంగతి "నేను తీర్చలేను" అన్నది నిజమై ఉండాలి. 20 లక్షల అప్పుకి 40 లక్షల స్థలం పెట్టుకుని ఐపీకొస్తే అవతలి లాయరు క్రాస్‌లో, అంటే బోనులో మిమ్మల్ని ప్రశ్నించేప్పుడు, మొదటి ప్రశ్నే "అమ్మి ఎందుకు కట్టలేదు" అని అడుగుతాడు. అలాంటోళ్ళు స్థలం అమ్ముకుని బయటపడండి, కోర్టు ఖర్చులన్నా మిగుల్తాయి.

ఐపీ వల్ల ఆగనివి ముందే తెలుసుకోండి, ఇక్కడే అందరూ మోసపోతున్నారు:

- చెక్ బౌన్స్ కేసు, అంటే 138. అది క్రిమినల్ కేసు, ఐపీ వేశానని అది ఆగదు. చీటింగ్ కేసు కూడా అంతే.
- ఇల్లు తనఖా పెట్టిన బ్యాంకు లోను, బంగారం తాకట్టు. వాళ్ళ చేతిలో సెక్యూరిటీ ఉంది కాబట్టి అది అమ్ముకునే హక్కు వాళ్ళకి అలాగే ఉంటుంది, చాలకపోతే మిగిలిన బాకీకి వాళ్ళు కూడా వరసలో నిలబడతారు.
- ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, భార్యాపిల్లలకి కోర్టు వేసిన మనోవర్తి. ఇవి డిశ్చార్జ్, అంటే చివర్లో అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఇచ్చే ఆర్డర్, వచ్చినా పోవు.
- మీకు హామీ సంతకం పెట్టిన బావగారి బాధ్యత. మీరు బయటపడ్డా అప్పులోళ్ళు ఆయన మీద పడతారు. ఆయనకి ముందే చెప్పండి, కోర్టు నోటీసు చూసి తెలుసుకుంటే చుట్టరికం కూడా పోద్ది.

మీ అప్పుల్లో ఎక్కువ భాగం పైన చెప్పినవే అయితే ఐపీ మీకు పెద్దగా ఉపయోగపడదు, బ్యాంకుతో ఓటీఎస్, అంటే ఒకేసారి కొంత కట్టి తెంచుకోడం, మాట్లాడుకోడమో లోక్ అదాలత్‌లో రాజీ పడడమో చూడండి. ప్రోనోట్లు, చేబదుళ్ళు, చీటీ బాకీలు, క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు ఎక్కువుంటే ముందుకెళ్ళండి.

ఇంకొకటి. డబ్బు కట్టలేదని జైల్లో వేసేస్తారని భయపడి వచ్చేవాళ్ళు చాలామంది. డిక్రీ అయ్యి దాన్ని అమలు చేయమని అరెస్టు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసినా, కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని తేలితేనే గానీ ఊరికే లేనివాణ్ణి జైలుకి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆడవాళ్ళని డబ్బు డిక్రీ మీద అసలు అరెస్టే చేయకూడదు. కాబట్టి అరెస్టు భయం ఒక్కటే మీ కారణమైతే ముందు ఆ ఈపీలో కౌంటర్, అంటే మీ జవాబు, వేయించండి.

2. అప్పుల చిట్టా

ఒక పెద్ద నోటుబుక్ తీస్కోండి, ఫోన్లో రాస్తే సగం వదిలేస్తారు. ఒక్కో అప్పుకి ఒక పేజీ. ప్రతి పేజీలో ఇవి ఉండాలి:

- ఇచ్చినాయన పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇప్పుడుంటున్న అడ్రసు డోర్ నంబరుతో సహా
- ఎప్పుడు తీస్కున్నారు, ఎంత, దేనికి
- ఏ కాగితం ఇచ్చారు: ప్రోనోటా, ఖాళీ చెక్కా, ఖాళీ స్టాంపు పేపరా, ఉత్త నోటిమాటా
- వడ్డీ ఎన్ని రూపాయలు, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ప్రోనోటు వెనక చెల్లు రాశారా లేదా
- హామీ ఎవరు
- కేసు వేసుంటే కోర్టు, నంబరు, ఏ దశలో ఉంది

ఈ చివరిది తెలియకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతో వెతకండి. స్పెల్లింగ్ నాలుగు రకాలుగా కొట్టి చూడండి, మన ఇంటిపేర్లు అక్కడ ఎలా పడితే అలా ఎక్కిస్తారు.

బ్యాంకు, ఫైనాన్స్, యాప్ లోన్లు గుర్తుండవు కాబట్టి క్రెడిట్ రిపోర్ట్ తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి, నాలుగూ తీయండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరుకుతుంది.

చిట్టా రాసేప్పుడు అందరూ చేసే తప్పు, "మా పిన్ని దగ్గర తీస్కుంది రాయనులే, ఆవిణ్ణి కోర్టుకి లాగడం ఎందుకు" అనుకోడం. పిన్నిదీ రాయాలి. అప్పులన్నీ రాయాలని చట్టమే అడుగుతుంది, పైగా వదిలేసినాయన రేపు పిటిషన్ వేసి "నన్ను దాచాడు" అంటే మీ మంచితనం మొత్తం మీద అనుమానం వస్తుంది. దీనికి తిరగేసిన తప్పు ఇంకా పెద్దది, బామ్మర్దితో పాత తేదీల ప్రోనోట్లు రాయించుకుని లేని అప్పులు చూపించడం, ఆస్తి అమ్మి అప్పులోళ్ళకి పంచే డబ్బులో వాటా మళ్ళీ మన ఇంటికే వస్తుందని. క్రాస్‌లో బామ్మర్దికి ఆ రోజు బ్యాంకులో 3 లక్షలు ఉన్నాయా అని అడిగితే ఏం చెప్తాడు? దొంగ లెక్కలు, దాచిన ఆస్తులు తేలితే ఇదే చట్టంలో ఏడాది దాకా జైలు ఉంది.

3. ఆస్తుల చిట్టా

ఇది చాలామంది అర పేజీలో రాసి ఇస్తారు, మళ్ళీ మేం కూర్చోబెట్టి రాయిస్తే నాలుగు పేజీలొస్తుంది. ఆస్తి అంటే పొలం, ఇల్లే కాదు. బండి, షాపులో సరుకు, మీకు రావాల్సిన బాకీలు, ఎల్‌ఐసీ పాలసీ, పీఎఫ్, షేర్లు, చీటీలో కట్టిన డబ్బు, షాపు అడ్వాన్సు, తాతగారి ఉమ్మడి ఆస్తిలో పంచుకోని మీ వాటా. అన్నీ రాయాలి, ఎక్కడున్నాయో, ఎంత విలువో కూడా రాయాలి.

రాసినంత మాత్రాన అన్నీ పోవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తు చేయకూడనివి మీకే ఉంటాయి: ఒంటి మీద బట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం తీయకూడని ఆడవాళ్ళ నగలు అంటే మంగళసూత్రాల్లాంటివి, చేతిపని చేసుకునేవాళ్ళ పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు, రైతు గానీ కూలీ గానీ తను కాపురముంటున్న సొంత ఇల్లు, పీఎఫ్, జీవిత బీమా డబ్బు. జీతంలో కూడా మొదటి వెయ్యి, ఆపై మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు తీయడానికి లేదు. అందుకే అంటున్నా, దాచాల్సిన పనే లేదు, రాసి పక్కన "ఇది మినహాయింపు" అని చూపించండి. దాచింది బయటపడితే మినహాయింపు ఉన్న వస్తువు కూడా మీ నిజాయితీకి మచ్చ తెస్తుంది. అకౌంటు పుస్తకాలకి మాత్రం మినహాయింపు లేదు, షాపు ఖాతాలు, బిల్లు పుస్తకాలు ఇవ్వాల్సిందే.

తీస్కోవాల్సిన కాగితాలు:

- ఇంటికి, స్థలానికి దస్తావేజులు, ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)
- పొలమైతే పాస్‌బుక్, ఏపీలో మీభూమి నుంచి అడంగల్, 1బి
- అన్ని బ్యాంకు అకౌంట్ల స్టేట్‌మెంట్లు కనీసం మూడేళ్ళవి, మూసేసిన అకౌంట్లవి కూడా
- ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ ఉంటే అవి
- ఆధార్, రేషన్ కార్డు, జీతం స్లిప్పులు

4. వెనక్కి రెండేళ్ళు తవ్వండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పిటిషన్ వేసే రోజు నుంచి వెనక్కి రెండేళ్ళలోపు మీరు డబ్బు తీస్కోకుండా ఎవరికైనా ఆస్తి రాసిచ్చుంటే, అంటే భార్య పేరున దాన సెటిల్‌మెంటు, కొడుక్కి గిఫ్టు, అది ఈ ఐపీ చట్టం 53వ సెక్షన్ కింద కొట్టేయొచ్చు. నిజంగా డబ్బిచ్చి మంచి మనసుతో కొన్నవాడికి ఏం కాదు. రెండేళ్ళు దాటింది కదా ఇక పర్లేదు అని కొంతమంది లెక్కేస్కుని మరీ ఆగుతారు, అప్పులోళ్ళని ముంచడానికే రాశాడని రుజువైతే ఆస్తి బదిలీ చట్టం కింద వేరే దావా వేస్తారు, విచిత్రంగా అక్కడ కూడా సెక్షన్ 53యే.

ఇంకొకటి మూడు నెలల లెక్క. వేసే ముందు మూడు నెలల్లో మిగతావాళ్ళని వదిలేసి ఒక్కడికి మాత్రం కావాలని మొత్తం కట్టేస్తే అది కూడా తిరగదోడతారు. మా ఆఫీసుకొచ్చిన ఒక ఎరువుల షాపాయన వేసే నెల ముందు ఉన్న నాలుగు లక్షలూ తోడల్లుడికి కట్టొచ్చాడు, పండక్కి మాట రాకూడదని. అది స్టేట్‌మెంట్‌లో కనపడింది, మొత్తం కేసు దాని చుట్టూనే తిరిగింది.

ఇప్పటికే రాసిచ్చేసుంటే ఏం చేయాలి? లాయరుకి దాచకండి. వీలైతే మళ్ళీ మీ పేరున తిరిగి రిజిస్టర్ చేయించుకోండి, వీలుకాకపోతే పిటిషన్లోనే "ఫలానా తేదీన ఫలానా దస్తావేజు రాశాను, కారణం ఇది" అని మీరే చెప్పండి. అవతలివాళ్ళు ఈసీ తీసి చూపించేదాకా ఆగితే మీరు దొంగ, ముందే చెప్తే దాని మీద వాదన మాత్రమే.

5. ఎందుకు మునిగారో రుజువులు

దీన్ని ఎవరూ పట్టించుకోరు. చివర్లో డిశ్చార్జ్ అడిగినప్పుడు మీ ఆస్తి మీ అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి కూడా లేకపోతే, అది మీ తప్పు వల్ల కాదని మీరు చూపిస్తేనే పూర్తి డిశ్చార్జ్ ఇస్తారు. జూదం, దుబారా, లెక్కాపత్రం లేని వ్యాపారం, తీర్చలేనని తెలిసీ చేసిన అప్పు ఇవన్నీ అడ్డం వస్తాయి. అందుకే ఇప్పుడే పోగుచేయండి: ఆసుపత్రి బిల్లులు, పంట పోయిన ఏడు పంట బీమా కాగితాలు, షాపు కాలిపోతే ఎఫ్‌ఐఆర్, ఉద్యోగం పోయిన లెటర్. అప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆసుపత్రి బిల్లు అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, థర్మల్ పేపరు, జిరాక్స్ తీయించి పెట్టుకోండి.

6. ఏ కోర్టు, ఏ లాయరు

మీరు మామూలుగా కాపురముండే చోట, లేదా వ్యాపారం, ఉద్యోగం చేసే చోట ఉన్న కోర్టు. అరెస్టై ఉంటే ఎక్కడ కస్టడీలో ఉన్నారో అక్కడ. జిల్లా కోర్టుకి అధికారం ఉంది, చాలాచోట్ల సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో తీస్కుంటారు, మీ ఊళ్ళో ఎక్కడో బార్ అసోసియేషన్లో అడిగితే చెప్తారు. అప్పులోళ్ళకి దూరమవ్వాలని ఎక్కడో చుట్టాల ఊళ్ళో అడ్రసు చూపించి వేయకండి, జ్యూరిస్డిక్షన్, అంటే ఆ కోర్టుకి విచారించే అధికారం, లేదని ఏడాది తర్వాత కొట్టేస్తారు.

లాయర్ని అడగాల్సింది: ఐపీలు ఎన్ని నడిపారు, ఫీజు అడ్జుడికేషన్ (మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించే ఆర్డర్) దాకా మాత్రమేనా డిశ్చార్జ్ దాకానా, బత్తా (నోటీసులు పంపడానికి కోర్టుకి కట్టే డబ్బు), పేపరు ప్రకటన ఖర్చులు అందులో కలిశాయా. "వేసేస్తే చాలు, ఇక ఎవడూ మీ గుమ్మం తొక్కడు" అన్నాయన్ని వదిలేయండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

7. పిటిషన్ మీద సంతకం పెట్టే ముందు

ఇంగ్లీషులో ఉంటుంది, అర్థం కాకపోతే తెలుగులో చదివించుకోండి, సంతకం మీది, వెరిఫికేషన్ మీది, రేపు బోనెక్కేది మీరు. ఇవి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి:

- అప్పులు తీర్చలేనన్న మాట
- మీ నివాసం, వ్యాపారం ఎక్కడ
- అరెస్టు, అటాచ్‌మెంట్ ఉంటే ఏ కోర్టు, ఏ డిక్రీ
- అందరు అప్పులోళ్ళ పేర్లు, అడ్రసులు, మొత్తాలు
- మొత్తం ఆస్తి, విలువ, ఎక్కడుందో
- మినహాయింపు ఉన్నవి తప్ప మిగతాదంతా కోర్టుకి అప్పజెప్తానన్న ఒప్పుకోలు
- ఇంతకుముందు ఎప్పుడైనా ఐపీ వేశారా, వేస్తే ఏమైంది

చివరిది దాచితే పట్టుబడ్డం ఖాయం. పాత ఐపీ డిశ్చార్జ్ అడక్క రద్దైపోయుంటే కోర్టు అనుమతి లేకుండా మళ్ళీ వేయడానికి లేదు. ఇంకోటి, వేశాక బుద్ధి పుట్టి వెనక్కి తీస్కుందామంటే అదీ కోర్టు పర్మిషన్ తోనే.

8. వేసిన తర్వాత

ఆఫీసు వాళ్ళు చూసి ఏదో ఒక లోపం చూపి రిటర్న్ వేస్తారు, కంగారు పడకండి, సరిచేసి మళ్ళీ ఇస్తారు, అప్పుడు నంబరు పడుతుంది. తర్వాత అప్పులోళ్ళందరికీ నోటీసులు. 30 మంది ఉంటే 30 కాపీలు, 30 బత్తాలు. అడ్రసు తప్పితే తిరిగొస్తుంది, మళ్ళీ వాయిదా, మళ్ళీ బత్తా, చివరికి పేపరు ప్రకటన, ఏడాది ఇక్కడే పోతుంది. రెండో స్టెప్‌లో డోర్ నంబర్లు రాయమంది ఇందుకే.

నోటీసులు అందిన వారం చాలా కష్టంగా ఉంటుంది, అందరూ ఒకేసారి ఇంటి మీదకొస్తారు. ఇంట్లో ఆడవాళ్ళకి, పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. వచ్చినవాళ్ళకి కేసు నంబరు రాసిన చీటీ ఇవ్వండి, కొత్త కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు, కొత్త చెక్కు ఇవ్వొద్దు. బ్యాంకు రికవరీ వాళ్ళు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది, చేస్తే స్క్రీన్‌షాట్ తీసి బ్యాంకుకి కంప్లైంట్ పెట్టండి. చెయ్యి చేసుకుంటే పోలీస్ స్టేషన్.

పిటిషన్ వేసిన రోజే రక్షణ రాదు, ఇది రెండుసార్లు చదవండి. దావాలు ఆపాలన్నా, అరెస్టు నుంచి ప్రొటెక్షన్ ఆర్డర్ కావాలన్నా ముందు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించే ఆర్డర్, అంటే అడ్జుడికేషన్ రావాలి. ఈలోపు నడుస్తున్న దావాలకి వెళ్ళాల్సిందే, మానేస్తే ఎక్స్‌పార్టీ, అంటే మీరు లేకుండానే తీర్పు, అవుతుంది. అప్పటికే అరెస్టై ఉంటే మాత్రం విడుదల చేయమని ఐపీ కోర్టునే అడగొచ్చు.

విచారణ రోజు అప్పులోళ్ళ ఎదుటే మిమ్మల్ని ప్రశ్నిస్తారు. తీర్చలేరన్నదానికి ఈ దశలో పైపైన నమ్మదగ్గ ఆధారం ఉంటే చాలు, పైసా పైసా రుజువు అక్కర్లేదు, కానీ మీ చిట్టాకీ మీ మాటకీ తేడా రాకూడదు. ముందు రోజు రాత్రి నోటుబుక్ ఒకసారి తిరగేయండి. తెలియనిదానికి "గుర్తులేదండి" అనండి, ఊహించి తేదీ చెప్పొద్దు.

9. ఆర్డర్ వచ్చాక పని అయిపోలేదు

అడ్జుడికేషన్ వచ్చిందని స్వీట్లు పంచుకుని మళ్ళీ కోర్టు మొహం చూడనివాళ్ళు ఎంతమందో. ఆ ఆర్డర్లోనే ఎంతకాలంలో డిశ్చార్జ్ అడగాలో గడువు రాసుంటుంది. ఆ గడువులో అడక్కపోతే అడ్జుడికేషనే రద్దు, అప్పులు మళ్ళీ మీ నెత్తినే. ఆర్డర్ కాపీ తీస్కున్న రోజే ఆ తేదీ క్యాలెండర్ మీద, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి, లాయరు గుర్తుచేస్తాడని కూర్చోవద్దు.

డిశ్చార్జ్ వచ్చేదాకా:

- ఆస్తి రిసీవర్, అంటే దాన్ని చూడ్డానికి కోర్టు పెట్టినాయన, చేతిలో ఉంటుంది, అడిగిన కాగితం అడిగినట్టు ఇవ్వండి
- ఈ మధ్యలో తండ్రి ఆస్తి సంక్రమించినా, ఏదైనా కలిసొచ్చినా అది కూడా రిసీవర్‌కే
- 50 రూపాయలు, అంతకు మించి అప్పు అడిగితే "నేను దివాలాదారుణ్ణి" అని చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం
- ఎమ్మెల్యే, ఎంపీ పదవులకి అనర్హులు, సర్కారు ఉద్యోగులైతే ఆఫీసుకి తెలియజేయాలి

మధ్యలో ఎక్కడి నుంచైనా కొంత డబ్బు కుదిరితే 38వ సెక్షన్ కింద రాజీ ప్రతిపాదన పెట్టొచ్చు, రుజువైన బాకీల విలువలో ముప్పాతిక వంతు ఉన్నవాళ్ళు, సంఖ్యలో కూడా ఎక్కువమంది ఒప్పుకుని, కోర్టు సరేనంటే అందరికీ అదే వర్తిస్తుంది. అక్కా బావా కలిసి కొంత సర్దుతామన్న ఇళ్ళకి ఇది బాగా కుదిరే దారి.

10. కొట్టేస్తే

పిటిషన్ డిస్మిస్ అయితే సర్టిఫైడ్ కాపీకి అదే రోజు అప్లికేషన్ పెట్టండి. కింది కోర్టు ఆర్డర్ మీద జిల్లా కోర్టుకి అప్పీలు 30 రోజుల్లో, హైకోర్టుకైతే 90 రోజులు. ముందు ఎందుకు కొట్టేశారో చదివించుకోండి. బత్తా కట్టలేదనో వాయిదాకి రాలేదనో అయితే తిరిగి నంబరు వేయించుకోడానికి పిటిషన్ పెట్టొచ్చేమో లాయర్ని అడగండి, ఆస్తి దాచావని రాస్తే మాత్రం అప్పీలుకి పరిగెత్తే ముందు ఆ నోటుబుక్ మళ్ళీ మూడో స్టెప్ నుంచి తెరవండి.